లెక్చర్ హాలు లేని యూనివర్సిటీ

పిల్లలూ, వేలమంది చదువుకునే యూనివర్సిటీని కొత్తగా కడుతూ, అందులో పెద్ద లెక్చర్ హాళ్ళు అక్కర్లేదని తీర్మానించుకున్నారంటే నమ్ముతారా? మీ బాబాయి కాపురముంటున్న ఈ నార్తాంప్టన్‌లో సరిగ్గా అదే జరిగింది. లండన్ నుంచి ఉత్తరంగా రైల్లో గంట ప్రయాణం. ఊళ్ళోంచి నెన్ నది పారుతుంది. ఆ ఒడ్డున 2018 సెప్టెంబరులో నార్తాంప్టన్ యూనివర్సిటీ తన కొత్త ప్రాంగణం తెరిచింది. పేరు వాటర్‌సైడ్. ఖర్చు 33 కోట్ల పౌండ్లు. అంత డబ్బు పోసినవాళ్ళు, మెట్లుమెట్లుగా వందల కుర్చీలు వేసి ముందు ఒకరు నిలబడి గంటసేపు చెప్పుకుపోయే పాతకాలపు హాళ్ళు మాత్రం కట్టలేదు. బల్లల చుట్టూ ఎదురెదురుగా కూర్చునే చిన్న గదులు కట్టారు.

ఇది కట్టడాల ముచ్చట కాదు. దీని వెనక ఒక సైన్స్ ప్రశ్న ఉంది. ఉద్యోగమంతా పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి లేదు. విన్న పాఠం ఎప్పుడు వచ్చిన పాఠం అవుతుంది? ఇంటింటికీ ఇంటర్నెట్ వచ్చాక, అందులో తెర చేయాల్సిన పని ఎంత, మనిషి చేయాల్సిన పని ఎంత?

నార్తాంప్టన్‌వాళ్ళు చెప్పడమనే పనిని చాలావరకు ఇంటర్నెట్‌కి వదిలేశారు. విద్యార్థి క్లాసుకి రాకముందే తన గదిలో కూర్చుని, యూనివర్సిటీవాళ్ళ ఆన్‌లైన్ చోటు తెరుస్తాడు. దాన్ని అక్కడ ‘నైల్’ అంటారు. చిన్న వీడియో చూస్తాడు, కాసిని పేజీలు చదువుతాడు, అక్కడున్న ప్రశ్నకి తన మాటల్లో జవాబు రాస్తాడు. పక్కవాడు రాసింది చదివి, ఔననో కాదనో అంటాడు. క్లాసులో టీచరు ఆ జవాబులు ముందు పెట్టుకుని మొదలుపెడతారు. నువ్వు ఇలా ఎందుకన్నావు, ఆ అమ్మాయి అలా ఎందుకంది, ఇద్దరూ కలిసి ఈ లెక్క తేల్చండి అంటారు. దీనికి ‘యాక్టివ్ బ్లెండెడ్ లెర్నింగ్’ అని పేరు. అప్పటి వైస్ ఛాన్సలర్ నిక్ పెట్‌ఫర్డ్. బోధన సంగతులు చూసుకున్నది ప్రొఫెసర్ అలె ఆర్మెలీని. ప్రాంగణం లేచేలోపే కోర్సుల్ని ఈ పద్ధతిలోకి మార్చుకుంటూ వచ్చారు. ఒక్కో కోర్సు టీచర్లు రెండేసి రోజులు ఒకచోట కూర్చుని, చివరికి విద్యార్థికి ఏం చేయడం రావాలో ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ వారం వారం పని పంచుకున్నారు. సిలబస్ ఎక్కడ మొదలుపెట్టాలని కాకుండా, పిల్లవాడు ఎక్కడ తేలాలని మొదలుపెట్టడం నాకు బాగా నచ్చింది.

ఈ పద్ధతి మీద అక్కడివాళ్ళే పరిశోధనలు చేసి ప్రచురించారు. వాటిలో నేను గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది. ఇంట్లో తెర మీద చేసిన పనికీ గదిలో జరిగేదానికీ లంకె కనిపిస్తేనే పిల్లలు ఆ పని మనసుపెట్టి చేస్తారు. లంకె తెగిందా, ఎంత మంచి వీడియో అయినా ఎవరూ చూడరు. స్లైడ్లన్నీ తీసుకెళ్ళి ఇంటర్నెట్‌లో పడేసి, ఇదే ఆధునిక విద్య అనుకునే చోట ఈ లంకే కరువు.

మన పిల్లలకి ఇది మొదట్లో మింగుడు పడదు. 2021లో, చదువయ్యాక ఉండి పనిచేసుకోవడానికి వీలిచ్చే వీసా మొదలయ్యాక, బ్రిటన్‌కి తెలుగు పిల్లలు బాగా వస్తున్నారు. ఏ ఊరి యూనివర్సిటీలో చేరినవాళ్ళయినా గుడిలోనో, ఉగాది భోజనాల దగ్గరో కలిసినప్పుడు వాళ్ళ మాట ఒకటే. “తాతగారూ, ఇక్కడ సార్లు పాఠం చెప్పరండీ, మమ్మల్నే చెప్పమంటారు. ఇన్ని లక్షలు కట్టి వచ్చాం కదండీ!” వాళ్ళ బాధ నాకు తెలుసు. మన దగ్గర మంచి లెక్చరరంటే ఎవరు? బోర్డు నిండా రాసి, ఎక్కడా తడుముకోకుండా, వినేవాడికి అంతా అర్థమైపోయినట్టు చెప్పేవారు. నేనూ అలాంటి గురువుల దగ్గర చదువుకున్నాను, వాళ్ళంటే ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

ఆ ‘అర్థమైపోయినట్టు’ ఉండడం దగ్గరే సైన్స్ మనల్ని ఆపి నిలబెడుతుంది. హార్వర్డ్‌లో లూయీ డెలారియే, ఇంకొందరు భౌతికశాస్త్ర అధ్యాపకులు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే పాఠం, ఒకే కాగితాలు. సగంమందికి చేయి తిరిగిన లెక్చరర్ చక్కగా వివరించారు. మిగతా సగం గుంపులుగా కూర్చుని, ముందు తామే తంటాలు పడి, తర్వాత జవాబు తెలుసుకున్నారు. ఇంకో పాఠానికి వీళ్ళని అటూ వాళ్ళని ఇటూ మార్చారు. తర్వాత రెండు సంగతులు కొలిచారు. ఎంత నేర్చుకున్నామనుకుంటున్నారో అడిగారు, పరీక్ష పెట్టి నిజంగా ఎంత వచ్చిందో చూశారు. లెక్చర్ విన్నవాళ్ళు ఎక్కువ నేర్చుకున్నామన్నారు. తంటాలు పడ్డవాళ్ళకి ఎక్కువ మార్కులొచ్చాయి! సాఫీగా సాగిన పాఠం వచ్చేసినట్టనిపిస్తుంది. తడుముకున్న పాఠం రానట్టనిపిస్తూనే లోపలికి దిగుతుంది.

ఎందుకలా? జ్ఞాపకం మీద పనిచేసే శాస్త్రవేత్తలు దీనికి మంచి ఆధారం చూపించారు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగమిది. చిన్న వ్యాసం ఇచ్చి కొందరిని నాలుగుసార్లు చదవమన్నారు. ఇంకొందరిని ఒక్కసారే చదివి, కాగితం పక్కనపెట్టి, గుర్తున్నదంతా మూడుసార్లు రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, నాలుగుసార్లు చదివినవాళ్ళకి నూటికి 83 పాళ్ళు గుర్తుంది, రాసినవాళ్ళకి 71. ఇంతవరకే చూస్తే చదివినవాళ్ళదే గెలుపు. ఇలాగే చదివిన, రాసిన వేరే గుంపులకి వారం తర్వాత పరీక్ష పెట్టారు. అక్కడ చదివినవాళ్ళకి 40 పాళ్ళే మిగిలింది, రాసినవాళ్ళు 61 దగ్గర నిలబడ్డారు. పుస్తకం మూసి, లోపల్నుంచి పైకి లాగిన ప్రతిసారీ ఆ సంగతి గట్టిపడుతోందన్నమాట. మీ నానమ్మ కుండనిండా పెరుగు పెట్టుకున్నంత మాత్రాన వెన్న తేలేది కాదు కదా, తెల్లవారుజామునే కూర్చుని కవ్వం తాడు అటూ ఇటూ లాగితేనే తేలేది. పుస్తకమూ, వీడియో, లెక్చరూ కుండలో పెరుగు పోస్తాయి. తాడు లాగాల్సింది చదివేవాడే.

సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల తరగతుల మీద జరిగిన 225 పరిశోధనల్ని స్కాట్ ఫ్రీమన్ అనే పరిశోధకుడి బృందం 2014లో ఒక్కచోట చేర్చి చూసింది. కేవలం లెక్చర్ వినే తరగతుల్లో నూటికి దాదాపు 34 మంది ఫెయిలైతే, పిల్లలు తామే పనిచేసే తరగతుల్లో దాదాపు 22 మంది ఫెయిలయ్యారు. ఆ తేడాలో ఉన్నవాళ్ళు నాకు అంకెల్లా కనిపించరు. ఫెయిలై ఇంటికెళ్ళి తండ్రి ముందు తలొంచుకు నిలబడ్డ పిల్లల్ని నేను ఎరుగుదును.

పిల్లలే పనిచేసి నేర్చుకోవడం నార్తాంప్టన్‌కి కొత్తేం కాదు. ఇంటర్నెట్ కాదు కదా, కరెంటు కూడా లేని రోజుల్లో, 1729 నుంచి, ఫిలిప్ డాడ్రిడ్జ్ అనే పాస్టరు ఈ ఊళ్ళో అకాడమీ నడిపాడు. ప్రభుత్వ చర్చికి చెందనివాళ్ళకి అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిగ్రీలు దొరికేవి కాదు. అలాంటి పిల్లల బడి ఇది. పెద్ద చదువులు లాటిన్‌లో సాగే కాలంలో ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. తన పాఠాల్ని పిల్లలు షార్ట్‌హ్యాండ్‌లో కాపీ చేసుకునే ఏర్పాటు చేశాడు. ఆనాటి టెక్నాలజీ అదే. ఆ అకాడమీ నడిచిన భవనం షీప్ స్ట్రీట్‌లో ఇంకా నిలిచి ఉంది. 1751లో ఆయన పోయాక అకాడమీ పక్కనే ఉన్న డావెంట్రీకి మారింది. అక్కడ చేరిన కుర్రాడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ. ఆయన తర్వాత రాసుకున్నదాన్ని బట్టి, అక్కడ ఇద్దరు టీచర్లుండేవారు, ఏ విషయం వచ్చినా ఒకరు అటూ ఒకరు ఇటూ వాదించేవారు. ఏది నిజమో పిల్లలే తేల్చుకోవాలి. ఆ ప్రీస్ట్‌లీ 1774లో ఆక్సిజన్‌ని విడదీసి చూపించాడు.

ఈ ఊరిదే ఇంకో కథ ఉంది. దూరవిద్య గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. నార్తాంప్టన్ అంటే ఒకప్పుడు చెప్పులు, బూట్ల ఊరు. ఇక్కడ వాల్టర్ క్రిక్ అనే బూట్ల వ్యాపారికి ప్రకృతి పిచ్చి. 1882 ఫిబ్రవరిలో ఒక నీటి పురుగును పట్టుకున్నాడు. దాని కాలిని చిన్న ఆల్చిప్ప ఒకటి గట్టిగా కరిచిపట్టుకుని ఉంది. చూసినవాడు చూసినట్టు ఊరుకోలేదు, చార్లెస్ డార్విన్‌కి ఉత్తరం రాశాడు. డార్విన్‌కి అప్పటికి 73 ఏళ్ళు, గుండె జబ్బు. చెరువులో పుట్టిన ఆల్చిప్ప దూరపు చెరువుకి ఎలా చేరుతుందన్నది ఆయనని ఎన్నాళ్ళనుంచో పీడిస్తున్న ప్రశ్న. వెంటనే జవాబు రాశాడు. ఆ జవాబులో ఏముందనుకున్నారు? పాఠం లేదు, ప్రశ్నలున్నాయి. ఆల్చిప్ప పొడవెంత, వెడల్పెంత? పట్టుకున్నది ఏ కాలు? ఎంత మేర పట్టుకుంది? ఆ ప్రశ్నలు చేరగానే వ్యాపారి మళ్ళీ ఆ పురుగు దగ్గరికెళ్ళి, ఇంకా దగ్గరగా చూడాల్సి వచ్చింది. ఆ సంగతి ‘నేచర్’ పత్రికలో ఏప్రిల్ 6న అచ్చయింది. ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశాడు.

ఆ వాల్టర్ క్రిక్ మనవడే ఫ్రాన్సిస్ క్రిక్. 1916లో ఈ ఊరి పక్క వెస్టన్ ఫేవెల్‌లో పుట్టాడు. వాళ్ళమ్మా నాన్నా పిల్లల విజ్ఞాన సర్వస్వం కొనిపెడితే, సంపుటం తర్వాత సంపుటం చదివేశాడు. నేను పెద్దయ్యేసరికి అన్నీ కనిపెట్టేస్తారేమోనని బెంగపెట్టుకుంటే, నీకూ బోలెడు మిగిలే ఉంటాయిలే అని వాళ్ళమ్మ ఊరడించిందట. 1953లో జేమ్స్ వాట్సన్‌తో కలిసి డీఎన్ఏ మెలిక నిచ్చెనను బయటపెట్టింది ఆయనే. వాళ్ళమ్మ మాట ఒట్టిపోలేదు.

ఇక్కడి నుంచి మన దక్షిణాదికి రండి. పుదుచ్చేరి దగ్గర కళికుప్పం అని చిన్న ఊరు. అక్కడ ఒక ప్రయోగం చేసింది సుగత మిత్ర, 1999లో ఢిల్లీ కాల్కాజీలో ఒక మురికివాడ పక్క గోడకి కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చినాయన. పిల్లలు ఎవరూ నేర్పకుండానే దాన్ని వాడుకోవడం నేర్చుకున్నారు. అదే మనిషి కళికుప్పంలో, తమిళం తప్ప రాని పిల్లల ముందు, ఇంగ్లీషులో ఉన్న పాఠం పెట్టాడు. ఏ పాఠం? డీఎన్ఏ తనని తాను ఎలా కాపీ చేసుకుంటుందో అది! టీచరు లేడు. రెండు నెలల పైచిలుకు తర్వాత పరీక్ష పెడితే, దాదాపు ఏమీ తెలియనివాళ్ళు నూటికి 30 దాకా వచ్చారు. తర్వాత ఆ ఊళ్ళోనే పిల్లలకి స్నేహితురాలైన ఒక అమ్మాయిని వాళ్ళ వెనక నిలబడమన్నాడు. ఆమెకి ఆ సబ్జెక్టు రాదు. ఆమె చేసిందల్లా నానమ్మ చేసే పనే. ‘అబ్బో, ఇది ఎలా చేశావు? తర్వాత ఏముంది? నాకూ చూపించు’ అనడం. మార్కులు 50 దాటాయి. 2010లో ఇది అచ్చయింది. మిత్ర చెప్పినవన్నీ అందరూ ఒప్పుకోలేదు. ఆ గోడ కంప్యూటర్లు చాలాచోట్ల పాడై మూలపడ్డాయనీ, ఒట్టి యంత్రం పెట్టి వెళ్ళిపోతే చదువు రాదనీ విమర్శించినవాళ్ళున్నారు. ఆ విమర్శ న్యాయమైనదే. నాకైతే ఈ ప్రయోగంలో కంప్యూటర్ కంటే వెనక నిలబడ్డ ఆ అమ్మాయే ముఖ్యం.

హైదరాబాద్‌లో మిత్రా, జేమ్స్ టూలీ, ఇంకొందరూ కలిసి చేసిన ప్రయోగం చెప్పకపోతే తెలుగువాళ్ళకి అన్యాయం చేసినట్టే. 2003లో అచ్చయింది. చిన్న ప్రైవేటు బడిలో 16 మంది పిల్లలు. ఇంగ్లీషు బాగానే చదువుతారు, పలికితే మాత్రం బయటివాళ్ళకి అర్థంకాదు. మాట్లాడితే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఇచ్చి, దానికి అర్థమయ్యేలా మాట్లాడండి అన్నారు. మన పిల్ల ఒక వాక్యం చదివితే తెర మీద ఇంకేదో పిచ్చి వాక్యం వచ్చేది. మళ్ళీ పలకాలి. నాలుక ఎక్కడ తగలాలో, ఏ అక్షరం నొక్కాలో తామే వెతుక్కోవాలి, పాత ఇంగ్లీషు సినిమాలు చూసి పట్టుకోవాలి. తప్పు పలికినా ఆ యంత్రం తిట్టదు, నవ్వదు, తనకి వినిపించింది రాసి చూపిస్తుందంతే. కొన్ని నెలల్లో ఉచ్చారణ బాగుపడింది. తర్వాత 2009 ప్రాంతంలో స్కైప్‌లో బ్రిటన్ నుంచి రిటైరైన బామ్మలు మన దేశపు పిల్లలతో మాట్లాడే పని కూడా మొదలైంది. అదీ హైదరాబాద్ పిల్లల కోరికతోనే. స్కైప్‌తో ఏం చేయమంటారని అడిగితే, మాకు కథలు చదివిపెట్టే బామ్మలు కావాలన్నారట.

పాఠాలు ప్రసారం చేసే టీవీకీ, హైదరాబాద్ పిల్లల మాట విని రాసిన ఆ యంత్రానికీ తేడా ఎక్కడుందో ఇప్పుడు చూడండి. నార్తాంప్టన్‌కి దక్షిణాన, అట్టే దూరం కాదు, మిల్టన్ కీన్స్‌లో ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1971 నుంచి రేడియో, టీవీ, పోస్టు ద్వారా డిగ్రీలు చదివించింది. మన హైదరాబాద్‌లో 1982లో జి. రాంరెడ్డిగారు మొదటి వైస్ ఛాన్సలర్‌గా వచ్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ, దేశంలోనే మొట్టమొదటిది. ఈ రెండూ ఒట్టి ప్రసారాల మీద ఆధారపడలేదు. స్టడీ సెంటర్లు పెట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి, సందేహాలు తీర్చే ఏర్పాటు చేశాయి. నిలబడింది అందుకే. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1న, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలుపెట్టారు. బడి తలుపులు మూసున్న రోజుల్లో అది తప్పనిసరి, మంచి పని. కానీ టీవీ ఎదురు ప్రశ్న వేయలేదు. పిల్లవాడు తల ఊపితే చాలు, పాఠం ముందుకెళ్ళిపోతుంది.

ఎదురు ప్రశ్న వేసే సాఫ్ట్‌వేర్‌కి ఢిల్లీలో పరీక్ష పెట్టారు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల మీద ఎన్నో పరిశోధనలు చేసిన కార్తీక్ మురళీధరన్, ఇద్దరు సహచరులతో కలిసి 2019లో దాన్ని ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నరేళ్ళు వెనకబడి ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ లోటు నాలుగున్నరేళ్ళు! తొమ్మిదో తరగతి వీడియో ఆ పిల్లవాడికి ఎందుకు పనికొస్తుంది? వాళ్ళు వాడిన మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ప్రశ్నలు వేసి, పిల్లవాడు నిజంగా ఎక్కడున్నాడో పసిగట్టి, అక్కడి నుంచి మొదలుపెడుతుంది. రోజుకి ముప్పావుగంట దానితో, ఇంకో ముప్పావుగంట చిన్న గుంపుగా ఒక మనిషితో. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ పెద్ద తేడా కనిపించింది, అందులో వెనకబడ్డవాళ్ళు కూడా సమానంగా లాభపడ్డారు. ఆంధ్రలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులిచ్చారు. ఆ ట్యాబు మీ చేతికొచ్చిందా అని నేనడగను. అది మిమ్మల్ని ఏం అడిగింది, మీరు చెప్పిన జవాబు చూసి ఇంకెవరు ఏమన్నారు అని అడుగుతాను.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న కొత్తది, అడిగితే వ్యాసాలే రాసిపెట్టే ఏఐ. దీని మీదా ప్రయోగం జరిగింది. టర్కీలో వెయ్యి మంది దాకా హైస్కూలు పిల్లలు లెక్కలు చేస్తుండగా, కొందరికి మామూలు చాట్‌బాట్, కొందరికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. సాధన చేసేటప్పుడు మామూలుది వాడినవాళ్ళు, ఏదీ లేనివాళ్ళకంటే 48 శాతం మెరుగు. సూచనలది వాడినవాళ్ళు 127 శాతం మెరుగు. తర్వాత రెంటినీ లాగేసుకుని పరీక్ష పెట్టారు. మామూలుది వాడినవాళ్ళు, అసలు ఏ బాటూ ముట్టనివాళ్ళ కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనలది వాడినవాళ్ళకి ఆ నష్టం లేదు. 2025లో అచ్చయిన లెక్కలివి.

అందుకని మీ నాన్న ఫోన్లో దాన్ని తెరిచినప్పుడు ముందుగా ఈ నాలుగు ముక్కలు టైపు చేయండి: “నాకు జవాబు చెప్పొద్దు. ఒక్కో ప్రశ్నే అడుగు. నేను తప్పు చెబితే ఎక్కడ తప్పానో నన్నే వెతకనివ్వు.” కాసేపు దానితో కుస్తీ పట్టాక ఫోను పక్కనపెట్టి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. ఆదివారం నాకు వీడియో కాల్ చేసినప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి. మొదటి పాఠం ఆక్సిజన్ పెట్టుకోండి. ప్రీస్ట్‌లీ గాజు గిన్నె కింద ఎలకను పెట్టి ఏం చూశాడో నేను చెప్పను, మీరే కనుక్కుని నాకు చెప్పండి. ఎలకను ఎందుకు పెట్టాడని మాత్రం తప్పకుండా అడుగుతాను.